యాప్ మార్చమని ఎవరిని అడగాలి?

సంపాదకులు గారికి నమస్కారం.

వాట్సాప్ వదిలేసి, అలాగే మెసేజ్‌లు పంపుకునే సిగ్నల్ లాంటి ఇంకో యాప్‌కి మారండంటూ ఈమధ్య మీ పత్రికలో రెండు మూడు ఉత్తరాలు వచ్చాయి. ప్రైవసీ గురించి వాటిలో చెప్పిన కారణాలతో నాకు పేచీ లేదు, చాలావరకు సరైనవే. కాకపోతే అవి చదివి ఒక్కరైనా మారి ఉంటారా అంటే మాత్రం నమ్మకం లేదు. ఎందుకంటే అదే పని నేనూ చేసి బోర్లా పడ్డాను.

2021 జనవరి గుర్తుందా? ప్రైవసీ నిబంధనలు మారుతున్నాయి, ఫిబ్రవరి 8లోగా ఒప్పుకోవాలి అని వాట్సాప్ జనం ఫోన్లలో నోటీసు పెట్టింది. ఎలాన్ మస్క్ 'సిగ్నల్ వాడండి' అని ముక్తసరిగా ఒక ట్వీట్ వదిలాడు, జనం ఎగబడ్డారు, కొత్తగా చేరేవాళ్లకి కోడ్‌లు పంపడం సిగ్నల్ వాళ్లకి కాసేపు తలకు మించిన పనైంది. ఆ ఊపులో నేను బంధువులూ స్నేహితులూ కలిపి ఓ పాతికమంది వెంటపడి మరీ ఇన్‌స్టాల్ చేయించాను. ఫలానావారు సిగ్నల్‌లో చేరారు అని ఒకదాని వెనక ఒకటి నోటిఫికేషన్లు వస్తుంటే ఎన్నికల్లో గెలిచినంత సంబరం. ఈలోగా వాట్సాప్ ఆ గడువుని మే 15కి జరిపింది, మావాళ్లు ఒక్కొక్కరే చల్లగా పాతచోటికి జారుకున్నారు. నెల తిరిగేసరికి సిగ్నల్‌లో నేనూ, మా పెదనాన్న కొడుకూ మిగిలాం. వాడు కూడా నా మొహం చూసి మొహమాటపడి ఉన్నాడని తర్వాత తెలిసింది.

తప్పు ఎవరిదీ అంటే సగం నాదే. పొడుగు పొడుగు మెసేజ్‌లు పెట్టేదాన్ని, అవీ వాట్సాప్‌లోనే. పైగా జనాన్ని కదిలించాలన్న తొందరలో 'మీ మెసేజ్‌లన్నీ కంపెనీవాళ్లు కూర్చుని చదువుతున్నారు' అని చెప్పేశాను. అది నిజం కాదు. 2016 ఏప్రిల్ నుంచి వాట్సాప్‌లో మామూలుగా మనం పంపుకునే మెసేజ్‌కి పంపినవాళ్ల ఫోన్లో తాళం పడుతుంది, అందుకున్నవాళ్ల ఫోన్లోనే తెరుచుకుంటుంది, ఆ తాళం తయారుచేసింది కూడా సిగ్నల్ వాళ్లే. ఈ సంగతి మా మేనల్లుడు అందరి ముందూ చెప్పాక ఇక నా మాటకి విలువేముంటుంది! అసలు చెప్పాల్సింది వేరే ఉంది. మెసేజ్‌లో ఏముందో తెలియకపోయినా మీరు ఎవరితో, ఏ వేళప్పుడు, ఎంత తరచుగా మాట్లాడుతున్నారు, ఏయే గ్రూపుల్లో ఉన్నారు అన్నది కంపెనీకి తెలుస్తుంది, అదే చాలు మనిషి గురించి చాలా చెప్పేయడానికి. అదే సిగ్నల్ సంగతి చూడండి, 2016లో అమెరికాలో ఒక గ్రాండ్ జ్యూరీ (నేరాల మీద విచారణ జరిపే పౌరుల బృందం) ఒక ఖాతా వివరాలు ఇమ్మంటే వాళ్లు ఇవ్వగలిగినవి రెండే: ఖాతా ఎప్పుడు తెరిచారు, చివరిసారి ఎప్పుడు సర్వర్‌కి కలిశారు. వాళ్ల దగ్గర ఉన్నదే అంత.

(ఇంకోమాట, సిగ్నల్ బదులు టెలిగ్రామ్‌కి వెళ్లి 'ఇక నా మాటలు ఎవరికీ దొరకవు' అనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. టెలిగ్రామ్‌లో మామూలు చాట్‌లకి, గ్రూపులకి ఈ రకం తాళం లేదు. విడిగా 'సీక్రెట్ చాట్' అని తెరిస్తేనే ఉంటుంది, అదీ ఇద్దరి మధ్యే.)

ఇదంతా సరిగ్గా చెప్పినా మా పిన్ని అన్న మాట ఒకటే: "నా దగ్గర దాచుకోవడానికి ఏముందే?" అప్పట్లో దానికి అరగంట ఉపన్యాసం ఇచ్చాను. ఇప్పుడైతే అసలు జవాబే చెప్పను. ఎందుకంటే ఆవిడ వెళ్లిపోవడానికి కారణం ప్రైవసీ కానే కాదు, తను మాట్లాడాలనుకునే మనుషులు అక్కడ లేరు, అంతే. మెసేజింగ్ యాప్ కెమెరా లాంటిది కాదు కదా, మంచిది చూసి ఎవరికి వారు కొనుక్కోవడానికి. ఊళ్లో ఒక్కరికే టెలిఫోన్ ఉంటే ఎవరికి చేస్తారు? కాబట్టి ఒక్కొక్కరినీ విడివిడిగా బతిమాలితే ఒక్కొక్కరూ విడివిడిగానే వెనక్కి వెళ్లిపోతారు.

రెండోసారి మాత్రం కుదిరింది. అదీ ఒక్క గ్రూపు విషయంలోనే, పదకొండు మంది ఉన్న మా పాత స్నేహితురాళ్ల గ్రూపు. దానికి అడ్మిన్‌ని నేనే కావడం కలిసొచ్చింది. వాట్సాప్ తీసెయ్యమని ఈసారి ఎవరినీ అడగలేదు, అది ఉండనివ్వండి, ఈ ఒక్క గ్రూపు మాత్రం ఫలానా ఆదివారం నుంచి అక్కడ నడుస్తుంది అన్నాను. పాత మాటలూ ఫొటోలూ కొత్తదాంట్లోకి రావని ముందే చెప్పేశాను, ఎందుకంటే పోయినసారి ఎక్కువమందికి కోపం వచ్చింది అక్కడే. సిగ్నల్ అడిగే పిన్ ఎందుకో ఎవరికీ అర్థం కాదు, మర్చిపోతే తంటా, అందుకని కాగితం మీద రాసుకోమన్నాను. ఇద్దరికైతే నోటిఫికేషన్లే రావడం లేదు, చూస్తే ఫోన్లో బ్యాటరీ పొదుపు సెట్టింగ్ ఆ యాప్‌ని నిద్రపుచ్చుతోంది, పక్కన కూర్చుని మార్చాను. ఆదివారం రాగానే పాత గ్రూపులో అడ్మిన్ మాత్రమే మెసేజ్ పెట్టేలా సెట్ చేసి, 'అందరం అక్కడున్నాం' అని ఒక ముక్క రాసి వదిలేశాను. ఇద్దరు గొణిగారు. మూడోవారానికి గొణుగుడు కూడా కొత్త గ్రూపులోనే మొదలైంది.

నేను చెప్పదలచుకుంది ఇదే. ఉత్తరాలు రాసేవాళ్లు 'ప్రజలారా మారండి' అని రాస్తున్నారు, కానీ మారడం ప్రజల చేతుల్లో లేదు, అడ్మిన్ల చేతుల్లో ఉంది. పిల్లల స్కూలు గ్రూపు, ఆఫీసు గ్రూపు, అపార్ట్‌మెంట్ గ్రూపు, ఇవి మనం కావాలని చేరినవి కావు, వదిలేస్తే రేపు సెలవో కాదో కూడా తెలియదు. అవి ఉన్నంతకాలం ఎంత ప్రైవసీ పిచ్చి ఉన్నవాళ్లయినా వాట్సాప్ ఉంచుకోక తప్పదు. ఇలాంటి గ్రూపులు నడిపేవాళ్లు ఒక కంపెనీ యాప్‌ని తప్పనిసరి చేయడం ఏం న్యాయం? కనీసం ముఖ్యమైన నోటీసు మెయిల్‌లోనో ఎస్సెమ్మెస్‌లోనో కూడా రావాలి కదా. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ కలిసి దాదాపు ఆరు గంటలు మూగబోయాయి. ప్రైవసీ అంటే ఆవలించే మా బావ ఆ రోజు తనంతట తానే సిగ్నల్ తెరిచి "ఉన్నావా?" అని పెట్టాడు. నా ఉపన్యాసాలన్నిటికన్నా ఆ ఆరు గంటలు బాగా పనిచేశాయి.

అయినా ఈ బతిమాలుకోవడాలే ఉండకూడదు నిజానికి. ఒక కంపెనీ మెయిల్ నుంచి ఇంకో కంపెనీ మెయిల్‌కి ఉత్తరం వెళ్తోంది, ఎవరం ఆలోచించం కూడా. చాట్‌లోనూ అలా చేయొచ్చని 1999లోనే జాబర్ అని ఒక చాట్ పద్ధతి మొదలైంది, 2005లో వచ్చిన గూగుల్ వాళ్ల చాట్ యాప్ గూగుల్ టాక్ దాన్నే వాడింది, తర్వాత దాని స్థానంలో హ్యాంగవుట్స్ వచ్చాక గూగుల్ ఆ తలుపు మూసేసింది. ఇప్పుడు యూరప్‌లో డిజిటల్ మార్కెట్స్ చట్టం కింద, వేరే యాప్‌లు అడిగితే వాట్సాప్ వాటితో కలవాల్సిందే అని రూలు పెట్టారు. అలాంటిది అన్నిచోట్లా వస్తే మా పిన్ని తన యాప్‌లో తనుంటుంది, నేను నా యాప్‌లో ఉంటాను, ఇద్దరి మధ్యా పోట్లాట ఉండదు. అందాకా అడ్మిన్లనే పట్టుకోవాలి.

అన్నట్టు, పాఠకులు ఫొటోలు, అభిప్రాయాలు పంపడానికి మీ పత్రిక చివరి పేజీలో ఇచ్చే నంబరు వాట్సాప్‌లో మాత్రమే పనిచేస్తోంది. సిగ్నల్‌లో వెతికితే దొరకలేదు, అందుకే ఈ ఉత్తరం మెయిల్‌లో పంపుతున్నాను. అదే నంబరుతో అందులో కూడా ఒక ఖాతా తెరవడానికి ఐదు నిమిషాలు పడుతుంది. కావాలంటే పిన్ ఎక్కడ రాసుకోవాలో నేను చెబుతాను.

ఇట్లు,
మీ పాఠకురాలు