కార్యదర్శి వార్షిక నివేదిక: మన డోసు లెక్క మన చేతికి

గౌరవనీయ సభ్యులకు, వారి కుటుంబ సభ్యులకు నమస్కారం.

ఎక్స్‌రే గదుల్లో, గుండె రక్తనాళాలను కిరణాల సాయంతో చూసి చికిత్స చేసే క్యాథ్ ల్యాబుల్లో, రేడియోధార్మిక మందులు వాడే న్యూక్లియర్ మెడిసిన్ విభాగాల్లో, పైపుల వెల్డింగ్ అతుకులను గామా కిరణాలతో పరీక్షించే చోట పనిచేసేవాళ్లం కలిసి పెట్టుకున్న సంఘం ఇది. గత సర్వసభ్య సమావేశంలో మీరు కార్యవర్గానికి ఒక పని గట్టిగా అప్పగించారు. ప్రతి సభ్యుడికీ, ప్రతి సభ్యురాలికీ తమ డోసు, అంటే పనిలో ఒంటికి తగిలిన కిరణాల మోతాదు, ఎంతో తెలియాలన్నారు. ఏడాదంతా మా తిప్పలు ఎక్కువగా దాని చుట్టూనే సాగాయి కనుక, నివేదికలోనూ దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

మనలో చాలామంది ఏళ్ల తరబడి డోసును కొలిచే బ్యాడ్జి పెట్టుకుంటున్నారు. గడువు తీరగానే పాతది ల్యాబుకు వెళ్తుంది, కొత్తది వస్తుంది. అక్కడ అందులోని చిన్న బిళ్లలను వేడిచేస్తారు. అవి దాచుకున్న శక్తి వెలుగుగా బయటపడుతుంది. ఆ వెలుగును కొలిచి మన డోసు తేలుస్తారు. ఇంతా చేసి వచ్చిన కాగితం మాత్రం ఏ బీరువాలోనో పడి ఉంటుంది. అందుకే రీడింగుల నకలు కోరుతూ ఒక లేఖ నమూనా తయారుచేసి సభ్యులందరికీ పంచాం. కొన్నిచోట్ల వారం తిరక్కుండానే కాగితాలు అందాయి. కొన్నిచోట్ల ఫైలు వెతకడానికే నెలలు పట్టింది. ఒక సభ్యుడి కాగితంలో వరుసగా మూడు గడువులకు ‘బ్యాడ్జి తిరిగి రాలేదు’ అని రాసి ఉంది. ఆయన మూడుసార్లూ ఇచ్చారు. మధ్యలో ఎవరి దగ్గర పోయాయో తేలలేదు. పని రిజిస్టరు చూసి ఆ కాలపు డోసును అంచనా వేయించాలని ఆయన తరఫున రాశాం. జవాబు ఇంకా రావలసి ఉంది.

కాగితం చేతికొచ్చాక చాలామంది అడిగిన ప్రశ్న, ఈ అంకె మంచిదా చెడ్డదా అని. అంతర్జాతీయ రేడియోలాజికల్ రక్షణ కమిషన్ సిఫార్సు ప్రకారం కార్మికుల పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (డోసును కొలిచే ప్రమాణం ఇది), ఏ ఒక్క ఏడాదిలోనూ 50 దాటకూడదు. పరిమితికి లోపల ఉన్నామంటే పూర్తి క్షేమమని కాదు. ఫ్రాన్స్, బ్రిటన్, అమెరికాల్లో 3 లక్షలకు పైగా అణు కార్మికులపై సాగిన పరిశోధన 2023లో ప్రచురించిన ఫలితాల్లోనూ డోసు పెరిగేకొద్దీ క్యాన్సర్ మరణాల ముప్పు పెరుగుతున్నట్టు తేలింది. సాధారణ డోసులకు ఆ ముప్పు చిన్నదే, కానీ సున్నా కాదు. కాబట్టి భయపడాల్సిన పని లేదు, ఆదమరచడానికీ లేదు. తగ్గించగలిగినంత తగ్గించుకోవడమే సరైన పద్ధతి.

ఇక మనసుకు కష్టం కలిగించిన విషయం. రీడింగు ఎక్కువ వస్తే పని నుంచి తప్పిస్తారని, అలవెన్సు పోతుందని కొందరు బ్యాడ్జిని సొరుగులో పెట్టి పనిలోకి వెళ్తున్నారు. వాళ్లను తప్పుపట్టడానికి నాకు మనసు రాలేదు. ఇల్లు గడవాలి కదా! కానీ సొరుగులోని బ్యాడ్జి సున్నా చూపిస్తుంది, కిరణాలు తగిలేది ఒంటికే. రేపు జబ్బు చేసి పరిహారం అడిగితే, ఆ సున్నానే మనకు ఎదురు నిలుస్తుంది. డోసు ఎక్కువైనవారిని వేరే పనిలో పెట్టినప్పుడు జీతం, అలవెన్సు తగ్గించకూడదని యాజమాన్యాలకు వినతిపత్రాలు ఇచ్చాం. రెండుచోట్ల మాటిచ్చారు. రాతపూర్వకంగా ఇచ్చేదాకా అడుగుతూనే ఉంటాం.

దీనికి తలకిందుల ఉదంతం కూడా ఒకటి ఎదురైంది. ఒక సోదరి రీడింగు ఉన్నట్టుండి పెరిగింది. ఆమె ఇంట్లో అందరూ బెంబేలెత్తారు. విచారిస్తే, డ్యూటీ అయ్యాక ఆమె బ్యాడ్జిని కిరణాలను అడ్డుకునే సీసపు ఏప్రాన్‌కే ఉంచి, ఆ ఏప్రాన్‌ను ఎక్స్‌రే గదిలోనే తగిలించి వెళ్తున్నారు. బ్యాడ్జిని గది బయట, కిరణాలు తగలని చోట పెట్టండి. ఏప్రాన్ వేసుకున్నప్పుడు బ్యాడ్జి దాని లోపల, ఛాతీ మీద ఉండాలి. క్యాథ్ ల్యాబులో మెడ దగ్గర, సీసపు కాలర్‌కు పైన రెండోది ఉంటే కళ్లకు తగిలేది తెలుస్తుంది. కంటి కటకానికి ఏడాదికి 150 మిల్లీసీవర్టులుగా ఉన్న పరిమితిని 2011లో ఐదేళ్ల సగటున 20కి దించారంటే శుక్లాల ముప్పును ఎంత తక్కువగా అంచనా వేస్తూ వచ్చారో ఆలోచించండి. సీసపు కళ్లద్దాల కోసం ఈ ఏడాది అడిగినవారందరికీ సంఘం తరఫున లేఖలు ఇచ్చాం.

ఏప్రాన్ల తనిఖీ శిబిరం సభ్యులు బాగా మెచ్చిన కార్యక్రమం. ఒక్కో ఏప్రాన్‌ను ఎక్స్‌రే దృశ్యాన్ని అప్పటికప్పుడు తెర మీద చూపే ఫ్లోరోస్కోపీ యంత్రం కింద పరిచి చూశాం. పైకి కొత్తదానిలా మెరిసే ఒక ఏప్రాన్‌లో, సరిగ్గా నడుము మడత దగ్గర, జానెడు చీలిక తెర మీద కనిపించింది. దాన్ని రోజూ వేసుకునే సభ్యుడు చాలాసేపు ఆ తెర ముందు నుంచి కదలలేదు. మడతపెట్టి కుర్చీ మీద పడేయడం వల్లే ఇలా అవుతుంది. వెడల్పాటి హ్యాంగర్‌కు వేలాడదీయాలి.

పారిశ్రామిక రేడియోగ్రఫీ సభ్యులకు జరిపిన శిక్షణలో 1999లో పెరూలోని యనాంగో జలవిద్యుత్ కేంద్రంలో జరిగిన ప్రమాదం గురించి చెప్పుకున్నాం. గామా కిరణాలతో పరీక్షించే కెమెరా నుంచి ఊడిపడిన ఇరిడియం-192 సోర్సును, అంటే ఆ కిరణాలను వెలువరించే చిన్న రేడియోధార్మిక ముక్కను, అదేమిటో తెలియని ఒక వెల్డర్ తీసి ప్యాంటు వెనక జేబులో వేసుకున్నాడు. కొన్ని గంటలు చాలాయి, అతడు కాలు పోగొట్టుకున్నాడు. ప్రతి ఎక్స్‌పోజరు తర్వాత కిరణాలను కొలిచే సర్వే మీటరుతో కెమెరానూ, సోర్సు బయటికి వెళ్లి వచ్చే గైడు ట్యూబునూ చూడకుండా అడుగు కదపవద్దని మరోసారి మనవి. సోర్సు నుంచి దూరం రెట్టింపయితే డోసు నాలుగో వంతుకు పడిపోతుందన్నది అందరికీ తెలుసు. హడావుడిలో మరిచిపోయేదీ అదే.

గర్భిణులైన సభ్యురాళ్లు విషయం తెలియగానే లిఖితపూర్వకంగా తెలపండి. అప్పటి నుంచి కాన్పు వరకు గర్భస్థ శిశువుకు 1 మిల్లీసీవర్టు మించకుండా పని ఏర్పాటు చేయాలన్నది అంతర్జాతీయ సిఫార్సు. చెప్పడానికి జంకేవారి తరఫున కార్యవర్గంలోని మహిళా సభ్యులు మాట్లాడతారు.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం.

వచ్చే ఏడాదికి మిగిలిన పెద్ద పని కాంట్రాక్టు కార్మికులది. ఒక సైటు వదిలి మరో సైటుకు వెళ్లగానే కొందరి డోసు లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతోంది. పాత డోసు వెంట రాకపోతే ఐదేళ్ల సగటుకు అర్థం లేదు. అందుకోసం ప్రతి సభ్యుడికీ ఒక డోసు పుస్తకం అచ్చువేయించాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. సర్వసభ్య సమావేశానికి వచ్చేటప్పుడు మీ దగ్గరున్న రీడింగు కాగితాలన్నీ, నలిగినవైనా సరే, వెంట తీసుకురండి. పుస్తకంలో మొదటి పేజీ అక్కడే నింపుదాం.

మీ
కార్యదర్శి