కుళాయి కింద సీసా

పర్లాకిమిడి, మార్చి నెల వార్తాలేఖ

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల లేఖలో పరీక్షల తేదీలు ఉంటాయని మీరు ఎదురుచూస్తూ ఉంటారు. అవి నోటీసు బోర్డులో పెట్టాం, పిల్లల డైరీల్లోనూ రాయించాం. నేను రాయబోయేది కుళాయి గురించి.

మధ్యాహ్న భోజనం అయ్యాక పిల్లలు చేతులు కడుక్కునే చోట ఆరు కుళాయిలు ఉన్నాయి. నాలుగోది చాలాకాలంగా కారుతూ వచ్చింది. కింద గచ్చు మీద పళ్లెమంత మేర పచ్చగా పాచి పట్టిందంటే ఎంత కాలంగానో మీరే ఊహించుకోండి. రోజుకు పదిసార్లు దాని పక్కనుంచే వెళ్లేదాన్ని, చూసేదాన్ని, రేపు చెప్పి బాగుచేయిద్దాం అనుకునేదాన్ని. పోయిన శనివారం ఏడో తరగతి లెక్కల టీచరు పిల్లల చేత దాని కింద లీటరు సీసా పెట్టించారు. ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని గడియారం చూస్తూ కాపలా కాశారు. సరిగ్గా 70 నిమిషాలకు సీసా నిండింది. రోజుకు 1,440 నిమిషాలు కదా, భాగించి చూస్తే ఇరవై లీటర్ల పైమాటే. ఏడాదికి ఏడున్నర వేల లీటర్లు. మన డాబాల మీద ఉండే వెయ్యి లీటర్ల ట్యాంకులు ఏడు నిండి, ఎనిమిదోది సగానికి వస్తుంది. ఇంటింటికీ కుళాయి నీళ్లిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ కింద పల్లెల్లో మనిషికి రోజుకు ఇవ్వాలనుకున్నది 55 లీటర్లు. అందులో మూడో వంతుకు మించి మా నాలుగో కుళాయి ఒక్కటే తాగేసేది.

పిల్లల నోటుపుస్తకాల్లో ఒకరు కుళాయి అని, ఒకరు కొళాయి అని, ఇంకొకరు పంపు అని రాశారు. టీచరు దిద్దబోతే నేనే వద్దన్నాను. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. ఇక్కడ ఆ మాటలకు ఎర్ర సిరా పెట్టడానికి నాకు చేతులు రాలేదు.

కారే కుళాయి కింద బకెట్టు పెట్టడం మనందరికీ అలవాటే. ఆ నీళ్లు మొక్కలకు పోస్తాం, గిన్నెలు తోముతాం. నీళ్లు వృథా పోవడం లేదు కదా అని నిశ్చింతగా ఉంటాం. నన్నడిగితే ఆ బకెట్టే అసలు చిక్కు. అది ఉన్నంతకాలం ప్లంబరు గుర్తుకు రాడు. పగలు నిండినది ఖాళీ చేస్తాం సరే, రాత్రి పొర్లినది ఎవరు చూశారు?

ఇంకో అలవాటు, కారుతోంది కదా అని పిడిని బలంగా బిగించడం. మా అటెండరు నాలుగో కుళాయిని విప్పినప్పుడు పిల్లలందరినీ చుట్టూ నిలబెట్టాం. ముందు లైనులో వాల్వు కట్టేశాడు. పిడి ఉన్న తల భాగాన్ని స్పానరుతో తిప్పి పైకి తీశాడు. దాని అడుగున చిన్న రబ్బరు వాషరు ఉంది. మెత్తగా ఉండాల్సినది గట్టిపడి, మధ్యలో గుండ్రంగా లోతైన గాడి పడి ఉంది. మనం బిగించిన కొద్దీ కింద ఉన్న ఇత్తడి అంచు రబ్బరును కోస్తూ పోతుందన్నమాట. కొత్త వాషరు ఖర్చు ఒక టీ ఖర్చుతో సమానం. అది వేసినా కారుతుంటే ఆ ఇత్తడి అంచే అరిగిందని అర్థం, అప్పుడు కుళాయి మార్చడమే మేలు. పావు వంతు తిప్పితే తెరుచుకునే కొత్తరకం కుళాయిల్లో ఈ వాషరు ఉండదు. లోపల రెండు పింగాణీ బిళ్లలు ఒకదానిమీద ఒకటి జరుగుతాయి. ఇసుక చేరితే వాటిమీద గీతలు పడతాయి, అప్పుడు లోపలి భాగాన్ని మొత్తంగా మార్చాల్సిందే.

కుళాయి కారితే కనీసం చప్పుడైనా వినిపిస్తుంది. చప్పుడు లేకుండా పోయే నీళ్ల సంగతి మా ఇంటి కథే చెబుతాను. కిందటి ఏడాది మా మోటారు రోజుకు రెండుసార్లు వేయాల్సి వచ్చేది. మేడ మీద అద్దెకు ఉన్నవాళ్లే నీళ్లు ఎక్కువ వాడుతున్నారని నాకు గట్టి నమ్మకం. ఒకసారి కొంచెం కటువుగానే అన్నాను. ఆ ఇంటి అమ్మాయి ఏమీ మాట్లాడకుండా వచ్చి మా మరుగుదొడ్డి ఫ్లష్ ట్యాంకులో బట్టలకు వాడే నీలిమందు నాలుగు చుక్కలు వేసి, పావుగంట ఎవరూ ఫ్లష్ చేయొద్దంది. పావుగంట తర్వాత చూస్తే కింద తొట్టిలో నీలం! ట్యాంకు అడుగున రబ్బరు మూత సరిగా కూర్చోక నీళ్లు రాత్రింబవళ్లు జారిపోతున్నాయి. ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పుకున్నాను. మీరు అద్దెకు ఉన్నవాళ్లను అనేముందు నీలిమందు ప్రయోగం చేసి చూడండి.

మేడ మీది ట్యాంకుకు ఇంకా తేలిక పద్ధతి ఉంది. రాత్రి పడుకునే ముందు ట్యాంకులోకి నీళ్లు వచ్చే వాల్వు కట్టేసి, లోపల నీళ్లు ఎంతవరకు ఉన్నాయో పుల్లతో కొలిచి గుర్తు పెట్టండి. తెల్లవారి ఎవరూ కుళాయి తిప్పకముందే మళ్లీ కొలవండి. మట్టం తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. ట్యాంకు నిండాక కూడా పొర్లుతుంటే లోపల నీటిమీద తేలే బంతి వాల్వు పాడైంది. గోడమీద చెమ్మ మచ్చ రోజురోజుకూ పెరుగుతుంటే మాత్రం సొంత వైద్యం వద్దు, పనివాడినే పిలవండి.

పిలుద్దామంటే దొరకరు, అది వేరే బాధ. మన ఒడిశా రాష్ట్రంలోని కేంద్రపడా జిల్లా పట్టాముండై ప్రాంతపు ప్లంబర్లకు దేశమంతటా పేరుంది. అలాంటి రాష్ట్రంలో ఉండి, ఒక్క ప్లంబరు కోసం మనం వారం రోజులు ఫోన్లు చేస్తూ కూర్చుంటున్నాం. ఉన్నవాళ్లు బెంగళూరులోనో ముంబైలోనో కుళాయిలు బిగిస్తున్నారు.

ఏప్రిల్ వచ్చిందంటే మహేంద్రతనయ నదిలో ఇసుకే ఎక్కువ కనిపిస్తుంది. ఈలోపు ఒక పని కావాలి. ఈ వారం మీ పిల్లలకు ఒక కాగితం ఇచ్చి పంపుతున్నాం. ఇంట్లో ఎన్ని కుళాయిలు ఉన్నాయి, ఎన్ని కారుతున్నాయి, సీసా ఎంతసేపటికి నిండింది, అంతే రాయాలి. తప్పులు వెతకడానికి కాదు, మార్కులు కూడా లేవు. సీసా పట్టుకుని కూర్చునే పని పిల్లలది, వాల్వు కట్టే పని పెద్దలది.

మా నాలుగో కుళాయి ఇప్పుడు కారడం లేదు. ఆరోది మొదలుపెట్టింది. వచ్చే శనివారం ఉదయం బడి అయ్యాక దాన్ని విప్పుతున్నాం. ఈ పని తెలిసిన తల్లిదండ్రులు ఎవరైనా ఉంటే వచ్చి పిల్లలకు చూపించండి. మా స్పానరు అరిగిపోయింది, మీది ఉంటే తీసుకురండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు