నీటిమట్టం సరే, నల్లాలో ఏముందో కూడా వేయండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. మన హైదరాబాద్‌లో వాన కాస్త గట్టిగా పడితే చాలు, గండిపేట చెరువు నిండు మట్టం 1790 అడుగులకి ఇంకా ఎంత తక్కువుందో, దాని పక్క చెరువు హిమాయత్‌సాగర్ గేట్లు ఎన్ని ఎత్తారో మర్నాడు పొద్దున్నే పేపర్లో వచ్చేస్తుంది. నేనూ ముందు అదే చూస్తాను, అలవాటు. కానీ నీళ్లు మా గల్లీ చివరికి చేరేసరికి ఎలా ఉన్నాయన్నది ఏ రోజూ ఎక్కడా కనపడదు. ఈ ఉత్తరం దాని గురించే.

మాది పాత కాలనీ. రోజు విడిచి రోజు, తెల్లవారుజామున నాలుగున్నరకి నల్లా వస్తుంది. కిందటి నెల ఒకరోజు బిందె పెడితే కాసేపు టీ డికాక్షన్ రంగులో వచ్చాయి, తుప్పేమోలే అనుకున్నాను, తర్వాత తేటపడ్డాయి కూడా. ఆ తేట నీళ్లే దోసిట్లో పట్టి వాసన చూస్తే మోరీ కంపు. అప్పటికే సంపు సగం నిండింది, మోటారేసి పైట్యాంకుకీ ఎక్కించేశాం. రెండు రోజుల్లో పక్కింటి చిన్నపాపకి వాంతులు, విరేచనాలు, సెలైన్ పెట్టించాల్సి వచ్చింది. నీళ్ల వల్లే అని డాక్టరు రాసివ్వలేదు, నేనూ ఒట్టేసి చెప్పను. కానీ ఆ వారం మా వరసలో మరో మూడిళ్లలోనూ అదే గోల.

ఫిర్యాదు చేస్తే వాటర్ బోర్డు మనుషులు వచ్చారు, రాలేదని అబద్ధం చెప్పను. మూడో రోజు తవ్వుతుంటే దగ్గరే నిలబడి చూశాను. పెద్ద లైను బాగానే ఉంది. దాని నుంచి ఇళ్లకి వచ్చే జీఐ (జింకు పూసిన ఇనప) పైపు మాత్రం మ్యాన్‌హోల్ చాంబర్‌కి ఈ గోడలోంచి దూరి ఆ గోడలోంచి బయటికి పోతోంది, ఎప్పుడో కనెక్షన్ ఇచ్చినప్పుడు దగ్గర దారి కదా అని అలా లాగేసినట్టున్నారు. చాంబర్ నిండినప్పుడల్లా ఆ పైపు మురుగులో మునగాల్సిందే. తుప్పు తిని ఒకచోట చూపుడువేలు పట్టేంత కన్నం పడింది. ఆ ముక్క కోసేసి, కొత్త ముక్క బిగించి, మట్టి కప్పి వెళ్లారు. కొత్త ముక్క కూడా అదే చాంబర్లోంచే!

కన్నం పడితే నీళ్లు బయటికి కారాలి గానీ మురుగు లోపలికి ఎలా వస్తుందని మా ఆయన అడిగారు. నల్లా వస్తున్నంతసేపూ లోపల ప్రెషర్ ఉంటుంది కాబట్టి కారేది బయటికే. వాల్వు కట్టేశాక పైపు ఖాళీ అవుతుంది, అప్పుడు కన్నం చుట్టూ ఏముంటే అది లోపలికి పీల్చుకుంటుంది, మళ్లీ నల్లా వదలగానే ముందు మన బిందెలోకొచ్చేది అదే. మీద నుంచి మనం చేసే ఘనకార్యం ఒకటి, నల్లా లైనుకే మోటారు బిగించి లాగడం, దాంతో ఆ పీల్పు ఇంకా పెరుగుతుంది. మా ఇంట్లోనూ మొన్నటిదాకా ఉండేది, దాచడమెందుకు.

కృష్ణా నీళ్లు, గోదావరి నీళ్లు వంద కిలోమీటర్లు దాటి వస్తున్నాయి, శుద్ధి చేసి క్లోరిన్ కలిపే పంపుతున్నారు. 2019లో కేంద్రం రాజధాని నగరాల నల్లా నీళ్ల ర్యాంకులు ఇస్తే ముంబయి తర్వాత మన హైదరాబాద్ పేరే వచ్చింది. బాగానే ఉంది. కానీ 2009లో మన ఊళ్లోనే భోలక్‌పూర్‌లో మురుగు కలిసిన నీళ్లు తాగి పదిమందికి పైగా పోయారు, ఆ నీళ్లు కూడా బయల్దేరిన చోట శుభ్రమైనవే కదా! వచ్చే చిక్కంతా చివరి యాభై గజాల్లో, ఎవరి పైపు ఏ మోరీ పక్క నుంచి పోతోందన్న దగ్గర.

ఇలాంటి సమయంలోనే ఫిల్టర్లు అమ్మేవాళ్లు దిగుతారు. మా ఇంటికొచ్చిన అబ్బాయి రెండు గ్లాసుల్లో ఇనప కడ్డీలున్న మిషన్ పెట్టి కరెంటిస్తే నల్లా నీళ్లు బురద రంగుకి తిరిగాయి, మా అత్తగారు హడలిపోయారు. ఆ రంగు కడ్డీల్లోని ఇనుముది. ఉప్పులున్న ఏ మంచి నీళ్లలో పెట్టినా వస్తుంది, ఆర్ఓ (ఉప్పుల్ని కూడా వడకట్టేసే ఫిల్టరు) నీళ్లలో ఉప్పులు చాలా తక్కువ కాబట్టి అంతగా రాదు. టీడీఎస్ మీటర్ కూడా అంతే, కరిగిన ఉప్పులెన్నో చెబుతుంది గానీ సూక్ష్మక్రిముల సంగతి దానికి తెలియదు. మోరీ కలిసిన నీళ్లకీ 300 చూపించొచ్చు. టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపుంటే ఆర్ఓ వద్దని 2019లో పర్యావరణ కేసులు చూసే జాతీయ గ్రీన్ ట్రిబ్యునల్ కూడా చెప్పింది. బోరు నీళ్లు వాడేవాళ్ల సంగతి వేరు.

చూడాల్సింది క్లోరిన్. మన దేశపు ప్రమాణం ప్రకారం చివరి నల్లా దగ్గర కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలుండాలి. నీళ్లలో చుక్కల మందు వేస్తే, క్లోరిన్ ఉంటే పసుపు రంగు తిరుగుతుంది, రెండు నిమిషాల పని. క్లోరిన్ లేకుండా పోయిందంటే దారిలో ఏదో దాన్ని తినేసిందనే అనుమానించాలి. సంపులో రెండు రోజులు నిలవ ఉన్నా తగ్గిపోతుంది, అందుకే టెస్టు సంపు దగ్గర కాదు, నల్లా దగ్గర చేయాలి. సంపు కడిగి ఎన్నాళ్లయిందో ఎవరికి వారు గుర్తు చేసుకుంటే మంచిది (మాది కడిగితే అడుగున జానెడు బురద వచ్చింది, రెండు చెప్పులు కూడా).

వాటర్ బోర్డుని నేనడిగేది పెద్ద కోరికేమీ కాదు. చాంబర్లలోంచి పోతున్న ఇంటి కనెక్షన్లన్నీ గల్లీ గల్లీకి లెక్క తీసి పక్కకి మార్చండి, రోడ్డు వేసే ముందే మార్చండి, వేశాక తవ్వడం కాదు. ప్రతి గల్లీలో చివరి ఇంటి నల్లా దగ్గర తీసిన క్లోరిన్ రీడింగ్ జనం చూసేలా పెట్టండి. నెలకి 20 వేల లీటర్లు ఉచితం అన్నప్పుడు ఎంత ప్రచారం చేశారో అందులో పదో వంతు చాలు. ఒడిశాలో పూరీ ఊరికి 2021 నుంచి నల్లా దగ్గరే నేరుగా తాగేలా ఇరవై నాలుగు గంటలూ ఇస్తున్నారు, ఎప్పుడూ ప్రెషర్ ఉన్న పైపులోకి మురుగు రాదు. మనకది రేపే కావాలనను.

మీ పేపరు కూడా ఒక పని చేయొచ్చు. గండిపేట నీటిమట్టం కింద ఒక్క లైను, ఈ రోజు ఫలానా నాలుగు కాలనీల చివరి నల్లాలో క్లోరిన్ ఇంత, అని వేయండి. రీడింగ్ ఇవ్వకపోతే ఇవ్వలేదని వేయండి.

మేం ఇప్పటికి నీళ్లు కాచుకునే తాగుతున్నాం. గ్యాస్ బండ వారం ముందే అయిపోతోంది. మొన్న ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, మీ ఫిర్యాదు పరిష్కారమైందని. పైపు ఇంకా ఆ చాంబర్లోంచే ఉంది, మూత తీసి చూపిస్తాను, ఎవరైనా వస్తే.

ఇట్లు,
ఒక పాఠకురాలు, హైదరాబాద్