తూకానికి వేసేముందు ఒకసారి విప్పి చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

పాత ఇనుము కొనే ఆటో మా పొందూరు వీధుల్లోకి వారం వారం వస్తోంది. పోయిన నెలలో మా వీధిలోనే రెండు కుట్టుమిషన్లు తూకానికి వెళ్ళిపోయాయి. వాలుగ చేప దవడతో పత్తి దువ్వే ఊరు మాది. పనిముట్టు విలువ తెలిసినవాళ్ళమే ఇలా చేస్తుంటే మనసొప్పక రాస్తున్నాను.

మా నాన్న దర్జీ. ఆయన మిషను సింగర్ 31కె. ఖాకీ యూనిఫాంలు, కోట్లు కుట్టే బరువైన మిషను. ఆయన పోయాక 18 ఏళ్ళు పాకలో పడుంది. కిందటేడు బయటికి తీస్తే చక్రం కదల్లేదు. పట్నంలో ఒక మెకానిక్కుకు చూపిస్తే, మూతైనా విప్పకుండా "ఇదింకేటాడతాదమ్మా, తూకానికిచ్చీ" అన్నాడు. ఆ మాటకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నేనే కూర్చున్నాను. దీపానికని అమ్మ దాచిన కిరసనాయిలు నూనె రంధ్రాలన్నిటిలో చుక్కచుక్కగా పోసి తొమ్మిది రోజులు ఆగాను. బలవంతంగా తిప్పలేదు. లోపల తుప్పుకంటే గడ్డకట్టిన నూనే ఎక్కువ. మనవాళ్ళు మిషనుకు కొబ్బరినూనె వేస్తారు, అది జిగురై పట్టేస్తుంది. దయచేసి వేయకండి. మిషను మీది బంగారు రంగు పువ్వుల బొమ్మల మీద ఉప్పుకాగితం పెట్టకండి.

కింది దారం ఉండే షటిల్ విప్పితే వెనక దారం చుట్టుకుని ఉంది. అంతా ఖాకీ. నాన్న ఆఖరుసారి కుట్టిన దారం. ఒక్కో పోగూ లాగాను. అది వచ్చాకే చక్రం తిరిగింది.

తర్వాత కుట్లు దాటేసేది. ఈ సూది కాడ గుండ్రం, ఇంటి మిషను సూదిలా ఒక పక్క చదును ఉండదు. పొడవాటి గాడి దారం ఎక్కించే వైపు వచ్చేలా మనమే చూసి బిగించాలి. అది తెలిసేసరికి రెండు రోజులు పోయాయి.

పేరులోని 'కె' స్కాట్లాండులోని కిల్‌బోవీ కర్మాగారానికి గుర్తు. అది 1980లోనే మూతపడింది. సూదులు మాత్రం శ్రీకాకుళంలో దొరికాయి.

కుట్టు శిక్షణ ఇచ్చేవారికి నా మనవి: జాకెట్టు కటింగుతో పాటు మిషను విప్పడం, నూనె వేయడం రెండు రోజులైనా నేర్పండి. పాత మిషను మేస్త్రీలు ఇంకా ఉన్నారు. వాళ్ళను పిలిచి కూలిచ్చి చెప్పించండి.

ఇప్పుడు ఆ మిషను మీద జీన్సు అంచులు కుడుతున్నాను. మా చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరిదైనా మిషను బిగుసుకుపోతే, అమ్మేముందు నా దగ్గరకు తీసుకురండి. చూసినందుకు డబ్బులు తీసుకోను.

ఇట్లు,
ఒక దర్జీ కూతురు,
పొందూరు, శ్రీకాకుళం జిల్లా