సిగరెట్ మానేశాక వచ్చే దగ్గు సంగతి కూడా చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

సిగరెట్ వల్ల వచ్చే జబ్బుల గురించి పత్రికల్లో చాలా చదువుతున్నాం. ఆస్తమా ఉన్నవాళ్లు సిగరెట్ మానేశాక మొదటి కొన్ని వారాలు ఎలా గడుస్తాయో రాసేవాళ్లు మాత్రం తక్కువ. మళ్లీ సిగరెట్ పట్టుకునే ప్రమాదం ఎక్కువగా ఉండేది ఆ రోజుల్లోనే.

మా అన్నయ్యకు చిన్నప్పటి నుంచి ఉబ్బసం. మానేసిన కొద్ది రోజులకే, పొద్దున్నే మంచం మీద కూర్చుని, గుండెల మీద చెయ్యి పెట్టుకుని, చిక్కటి కఫం ఊడి వచ్చేదాకా దగ్గేవాడు. "తాగినన్నాళ్లూ ఇంత దగ్గు లేదమ్మా, మానబట్టే వచ్చింది" అని మళ్లీ మొదలుపెట్టాడు. నిజంగా జరిగింది వేరు. శ్వాసనాళాల లోపలి గోడకు కంటికి కనపడనంత సన్నటి నూగు ఉంటుంది. కఫాన్నీ దుమ్మునీ పైకి నెట్టేది అదే. పొగకు అది మొద్దుబారుతుంది. పొగ ఆగితే మళ్లీ కదలడం మొదలుపెట్టి, పేరుకున్నదంతా పైకి తెస్తుంది. అందుకే కొందరికి కొన్నాళ్లు దగ్గు పెరుగుతుంది. మందు చీటీ రాసిచ్చేటప్పుడే ఎవరైనా ఈ ముక్క చెప్పి ఉంటే ఎంత బాగుండేది! అయితే పిల్లికూతలు, రాత్రిపూట ఆయాసం ఎక్కువైనా, ఆయాసం వచ్చినప్పుడు వెంటనే తగ్గడానికి పీల్చే రిలీవర్ ఇన్‌హేలర్ మాటిమాటికీ వాడాల్సి వస్తున్నా అది మామూలే అనుకుని ఊరుకోకూడదు. వెంటనే డాక్టర్‌కి చూపించాలి.

ఫలితం కూడా మరీ ఆలస్యంగా ఏమీ రాదు. 2006లో గ్లాస్గో పరిశోధకులు ప్రచురించిన ఓ చిన్న అధ్యయనంలో, సిగరెట్ మానేసిన ఆస్తమా రోగులు మొదటి సెకనులో బలంగా ఊదగలిగే గాలి 6 వారాలకే, మాననివాళ్లతో పోలిస్తే సగటున 400 మిల్లీలీటర్లకు పైగా మెరుగైంది. ఆయాసపడే మనిషికి అది చిన్న తేడా కాదు. పైగా పొగతాగేవాళ్లకు శ్వాసనాళాల వాపు తగ్గించే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ అంత బాగా పట్టదు. మానేస్తే ఉబ్బసం పోతుందని కాదు, ఊపిరితిత్తుల్లో పూర్తిగా దెబ్బతిన్న గాలితిత్తులు తిరిగి రావు కూడా. కాబట్టి కాస్త తేలికపడగానే ఇన్‌హేలర్ పక్కన పడేయడం తప్పు. శ్వాసనాళాలను వదులుచేసే థియోఫిలిన్ మాత్రలు వాడేవాళ్లయితే సిగరెట్ మానేస్తున్నట్టు డాక్టర్‌కి ముందే చెప్పాలి. పొగ ఆగాక ఒంట్లో ఆ మందు మోతాదు పెరుగుతుంది.

ఆస్పత్రులను నేను అడిగేది ఒక్కటే. "సిగరెట్ మానేయండి" అని చెప్పి పంపేయకండి. నికోటిన్ ప్యాచ్, గమ్ లాంటివి ఎవరికి పనికొస్తాయో కూర్చోబెట్టి చెప్పండి. 6 వారాలకు మళ్లీ రమ్మని తేదీ రాసి, ఊదించే పరీక్ష చేసి, పాత అంకె పక్కన కొత్త అంకె చూపించండి. మీరు కూడా ఆరోగ్యం పేజీలో ఈ మొదటి వారాల గురించి ఒక ఛాతీ వైద్యుడితో వివరంగా రాయించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు