ఆ పిల్ల పిలిచింది పాపా

యొకొతే, జపాన్, ఫిబ్రవరి 15, రాత్రి

పాపా,

మీ నాన్న పడుకున్నారు. బయట ఇంకా మంచు పడుతూనే ఉంది. ఫోన్లో చెబితే సగం మర్చిపోతానని రాస్తున్నాను.

ల్యాబు వదిలి రాలేనని నువ్వు మమ్మల్ని సెందాయ్‌లో రైలెక్కించినప్పుడు నాకు బాగా టెన్షన్ అయింది. ఒమగారిలో దిగి చిన్న రైలు మారడానికి నువ్వు రాసిచ్చిన చీటీ చూపించాం, చాలింది.

ఈ ఊరి కమకురా పండుగ చూశాం. కమకురా అంటే మంచుతో కట్టిన చిన్న గుడిసె. మనిషికి ఒకటిన్నర ఎత్తు ఉంటుంది. మంచును గుట్టగా పోసి, తొక్కి, కొన్నాళ్లు గట్టిపడనిచ్చి, ఆ తర్వాత లోపల తొలుస్తారట. చీకటి పడ్డాక ఒకదాని ముందు ఆగాం. లోపలి నుంచి పదేళ్ల పిల్ల, దూది కోటు వేసుకుని, "హైత్తెతన్సే!" అంది. లోపలికి రండి అని ఆ ఊరి యాస. బూట్లు విప్పి చాప మీద కూర్చున్నాం. గాలి తగలదు కాబట్టి బయటంత చలి లేదు. బొగ్గుల కుంపటి మీద మోచీ (బియ్యపు ముద్ద) ముక్క కాలుతోంది. ఒక పక్క మెల్లగా ఉబ్బి, పూరీలా పొంగి, పైన పగిలింది. ఆ పిల్ల పుల్లలతో దాన్ని తిప్పిన తీరు చూడాలి, ఎంత శ్రద్ధో! తాగడానికి అమజాకే ఇచ్చింది. బియ్యంతో చేసిందట, బెల్లం వేసిన గంజిలా తియ్యగా, వేడిగా ఉంది.

వెనక గోడలో గూడు చెక్కి నీళ్ల దేవుణ్ని పెట్టారు. దణ్ణం పెట్టుకోమంది, పెట్టుకున్నాం. ఇంత మంచులో ఉండేవాళ్లకు నీళ్ల దేవుడెందుకా అనుకున్నాను. పూర్వం ఇక్కడి వీధుల్లో బావుల దగ్గర మంచి నీళ్ల కోసం మొక్కేవాళ్లట. ఈ పండుగకు 450 ఏళ్ల చరిత్ర ఉందంటారు. అనంతపురంలో ట్యాంకర్ కోసం బిందెలు వరుసలో పెట్టి నిలబడినదాన్ని, ఆ మొక్కు నాకు ఇంకొకరు విడమర్చి చెప్పక్కర్లేదు.

అక్కడ కూర్చుంటే నువ్వే గుర్తొచ్చావు. దసరాకు బొమ్మల కొలువు పెట్టి, పట్టు పావడా ఎత్తి పట్టుకుని వీధంతా పరుగెత్తేదానివి. "అత్తా, మా ఇంటికి రండి, పిన్నీ, మీరూ రండి" అని గుమ్మం గుమ్మానికీ వెళ్లి పిలిచేదానివి. మొన్న పక్క ఫ్లాట్‌లో ఎవరుంటారని అడిగితే, ఒక ముసలావిడ, రెండేళ్లయినా మాట్లాడలేదు అన్నావు. అప్పుడు ఏమీ అనలేదు కానీ నాకు బాధేసింది.

తర్వాత నది ఒడ్డుకు వెళ్లాం. మోకాలెత్తు కూడా లేని బుల్లి కమకురాలు, ఒక్కోదాంట్లో ఒక కొవ్వొత్తి. కనుచూపు మేరా అవే. మంచు పడి ఆరిపోయినవాటిని ఒకాయన వంగి వంగి మళ్లీ వెలిగిస్తున్నాడు. మీ నాన్న చాలాసేపు అక్కడి నుంచి కదల్లేదు.

రేపు ఇక్కడే బోందెన్ అని, పొడుగాటి గడల చివర పెద్ద పెద్ద అలంకారాలు కట్టి ఊరంతా పోటీ పడతారట. అది చూసి సాయంత్రానికి వచ్చేస్తాం.

నేను తెచ్చిన వేరుశనగ ఉండలు అన్నీ తినేయకు. ఓ ఎనిమిది డబ్బాలో వేసి ఉంచు. ఎల్లుండి పొద్దున ఇద్దరం కలిసి ఆ పక్కింటావిడ తలుపు కొడదాం.

అమ్మ