ముందుగా సొంత ఇన్‌స్టెన్స్ తీసుకో

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. హెల్ప్‌డెస్క్‌లో ఎనిమిదేళ్లు ఫోన్లు ఎత్తిన తరువాత ఇప్పుడు సర్వీస్‌నౌ (కంపెనీలు ఫిర్యాదులు, ఐటీ పనులు నమోదు చేసి నడిపించుకునే సాఫ్ట్‌వేర్; తయారుచేసే కంపెనీ పేరూ అదే) నేర్చుకుని, దాన్ని నిర్వహించే అడ్మిన్ పనిలోకి మారాలని నిశ్చయించుకున్నావని చదివి ఎంతో సంతోషించాను. అమీర్‌పేట శిక్షణ కేంద్రాల్లో ఎక్కడ చేరమంటావని అడిగావు. చేరితే చేరు గాని, ఫీజు కట్టకముందే సొంతంగా ఒక పీడీఐ తీసుకో. దాని పూర్తి పేరు పర్సనల్ డెవలపర్ ఇన్‌స్టెన్స్, అంటే నీ ఒక్కడికే కేటాయించిన సర్వీస్‌నౌ కాపీ; సాధన చేసేవారికి ఆ కంపెనీయే ఉచితంగా ఇస్తుంది. నేను నేర్చుకున్న చోట బ్యాచ్ మొత్తానికీ ఒకటే సర్వర్ ఉండేది. పొద్దున నేను రాసిన బిజినెస్ రూల్‌ను (రికార్డు సేవ్ అయినప్పుడు దానంతటదే నడిచే స్క్రిప్టును) సాయంత్రానికి మరొకరు మార్చేసేవారు. తప్పు నా రాతలో ఉందో వారి మార్పులో ఉందో తేల్చుకోవడానికే సగం రోజు గడిచిపోయేది. నీకా అవస్థ వద్దు.

తీసుకోవడం తేలిక. సర్వీస్‌నౌ వారి డెవలపర్ సైట్‌లో ఈమెయిల్‌తో ఖాతా తెరిచి, ఇన్‌స్టెన్స్ కావాలని కోరి, రిలీజ్ (సాఫ్ట్‌వేర్ వెర్షన్) ఎంచుకోవడమే. క్రెడిట్ కార్డు అడగరు. రిలీజులకు అక్షరక్రమంలో ఊళ్ల పేర్లు పెడుతూ వచ్చారు: వాంకూవర్, వాషింగ్టన్ డీసీ, జానడు, యొకొహామా, జ్యూరిక్. నీకు ప్రత్యేకమైన అవసరం లేకపోతే ఉన్నవాటిలో కొత్తది తీసుకో. కాసేపటికి నీ ఇన్‌స్టెన్స్ చిరునామా, అడ్మిన్ యూజర్, పాస్‌వర్డ్ తెరమీద కనిపిస్తాయి. వాటిని వెంటనే రాసి పెట్టుకో.

లోపలికి వెళ్లగానే ఎడమవైపు మెనూలో వందల పేర్లు చూసి బెదిరిపోకు. వాటిని ఒక్కొక్కటిగా తెరుస్తూ పోతే నెల గడిచినా దారి తెలియదు. పైన ఉన్న ఫిల్టర్ పెట్టెలో టేబుల్ పేరు, చుక్క, లిస్ట్ అని (incident.list లాగా) ఇంగ్లీషు చిన్నక్షరాలలో టైప్ చేసి ఎంటర్ నొక్కితే ఆ టేబుల్‌లోని రికార్డులన్నీ వస్తాయి. లిస్ట్ అన్న మాటను పెద్దక్షరాలలో కొడితే అవే కొత్త ట్యాబ్‌లో తెరుచుకుంటాయి. మొదట ఇన్సిడెంట్ టేబుల్ (ఏదో పనిచేయడం లేదన్న ఫిర్యాదులు ఉండేది) చూడు, తరువాత టాస్క్ టేబుల్ చూడు. టాస్క్‌లో ఇన్సిడెంట్లు, ప్రాబ్లమ్‌లు, చేంజ్‌లు అన్నీ కలిసి కనిపిస్తాయి, ఎందుకంటే అవన్నీ టాస్క్‌కు పిల్ల టేబుళ్లు. ఈ తల్లీపిల్లల సంబంధం మనసుకు పట్టిందంటే సర్వీస్‌నౌలో సగం చిక్కులు విడిపోయినట్టే.

ఆ తరువాత నీ ఎనిమిదేళ్ల అనుభవాన్ని అందులో పెట్టు. నిన్న నీకు వచ్చిన కాల్ ఒకటి తీసుకుని, కస్టమర్ పేరు, వివరాలు మార్చి, ఇన్సిడెంట్‌గా నమోదు చెయ్యి. ప్రయారిటీ గడిలో నువ్వు నేరుగా ఏమీ రాయలేవు. ఇంపాక్ట్ (ఎంతమందికి ఇబ్బంది), అర్జెన్సీ (ఎంత తొందర) రెండూ 1 అయితే ప్రయారిటీ 1 వస్తుంది, రెండూ 3 అయితే 5 వస్తుంది. అది ఎక్కడి నుంచి వస్తోందో వెతుక్కుంటూ ప్రయారిటీ లుకప్ రూల్స్ అన్న పట్టిక దాకా వెళ్లు. ‘ఇది పీ వన్ (ప్రయారిటీ 1) ఎందుకు కాదు’ అని నిన్ను ఫోన్‌లో నిలదీసిన వారందరికీ సమాధానం ఆ చిన్న పట్టికలో ఉంది. అక్కడ ఒక విలువ మార్చి, మళ్లీ కొత్త ఇన్సిడెంట్ తెరిచి చూడు. చదివిన పాఠం మరిచిపోవచ్చు గాని, చేత్తో మార్చి చూసినది మరిచిపోవు.

అడ్మిన్‌గానే ఉండిపోతే అన్నీ సవ్యంగా ఉన్నట్టే కనిపిస్తుంది, ఎందుకంటే అడ్మిన్‌కు దాదాపు అన్ని తలుపులూ తెరిచే ఉంటాయి. అందుకని పై మూలనున్న యూజర్ మెనూలో ఇంపర్సనేట్ (మరొక యూజర్‌గా మారడం) నొక్కి, డెమో డేటాలో ఉన్న ఏబెల్ ట్యూటర్ అన్న మామూలు ఉద్యోగిగా మారి చూడు. మెనూ ఎంత చిన్నదైపోతుందో గమనించు. నువ్వు చేసే ప్రతి మార్పునూ అతని కళ్లతో ఒకసారి చూడకుండా పూర్తయిందనుకోకు.

స్క్రిప్టులు ఇప్పుడే వద్దు. మొదలుపెట్టాక మాత్రం టేబుళ్లలోని రికార్డులను చదివి మార్చడానికి వాడే గ్లైడ్‌రికార్డ్ అన్న పేరు పదేపదే ఎదురవుతుంది. ఫ్రెడ్ లడ్డీ ఈ కంపెనీని స్థాపించినప్పుడు దాని పేరు గ్లైడ్‌సాఫ్ట్. ఆ పాత పేరు కోడ్‌లో ఇంకా నిలిచి ఉండటం నాకెంతో ఇష్టం.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. కొన్ని గంటలు వాడకపోతే ఇన్‌స్టెన్స్ నిద్రలోకి వెళుతుంది; డెవలపర్ సైట్‌లో లాగిన్ అయి లేపితే లేస్తుంది, దానికి కంగారుపడకు. అయితే 10 రోజుల పాటు అందులో పనేమీ జరగకపోతే దాన్ని వెనక్కి తీసేసుకుంటారు, నువ్వు చేసినదంతా దానితోపాటే పోతుంది. ఆ నిబంధన అందరికీ చెబుతున్నదే. మా చెల్లి పెళ్లికి ఊరెళ్లి రెండు వారాలు లాగిన్ కాకపోవడం నేను చేసిన తప్పు. నెల రోజుల శ్రమ పోయిందని ఆ రాత్రి నిద్రపట్టలేదు. కాబట్టి మొదటిరోజే నీ పేరుతో ఒక అప్‌డేట్ సెట్ (నువ్వు చేసే మార్పులను పోగుచేసే మూట) తయారుచేసి, దాన్నే కరెంట్‌గా, అంటే ఇప్పుడు వాడే సెట్‌గా, పెట్టుకుని పని చెయ్యి. ముందే ఉండే డిఫాల్ట్ సెట్‌లో పని చేయవద్దు. వారాంతంలో దాన్ని కంప్లీట్ చేసి, ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా దించుకుని, వచ్చే వారానికి కొత్తది తెరువు. ఫారాలు, రూల్స్ వంటి మార్పులే అందులోకి వస్తాయి. నువ్వు నమోదు చేసిన ఇన్సిడెంట్లు, యూజర్లు రారు. అవి కావాలంటే లిస్ట్ నుంచి విడిగా ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి.

మొదటి వారం ఎక్స్‌ఎంఎల్ ఫైలు నాకు పంపించు, నా ఇన్‌స్టెన్స్‌లోకి ఎక్కించుకుని చూసి, ఆదివారం తీరిగ్గా ఫోన్ చేస్తాను. ఇంట్లో అందరినీ అడిగానని చెప్పు.

నీ మిత్రుడు